రంగుకు పూచీ

గుంటూరు,
జూన్ నెలాఖరు, 2024.

పూజ్యురాలైన చిన్నమ్మమ్మకు,

శ్రీరమ్య నమస్కారాలు.

నేను ఫోను చేయడం, నువ్వు "ఆఁ? ఎవరూ?" అనడం, నేను అరవడం, హాస్టల్లో పక్కగది వాళ్ళు తలుపు కొట్టి "ఎవరితో పోట్లాడుతున్నావ్?" అని అడగడం మనిద్దరికీ అలవాటైపోయింది. అందుకే నువ్వు చెప్పినట్టు ఉత్తరం రాస్తున్నాను. మరమగ్గాల చప్పుడు నీ చెవులను తీసుకుంది గానీ కళ్ళను వదిలిపెట్టింది. అంతవరకు ఆ యంత్రాలతో నాకు పేచీ లేదు.

నా పరిశోధన ఈ ప్రాంతపు ఆడపిల్లల ఆటల చరిత్ర మీద అని నీకు తెలుసు. మొన్న ఒక సదస్సులో ఒక పెద్దమనిషి నవ్వుతూ, "ఆడపిల్లలు ఆడితే చరిత్ర ఉండాలి కదమ్మా, ఎక్కడుంది?" అన్నాడు. "మీ అమ్మగారు మిమ్మల్ని కన్నారనడానికి శిలాశాసనం లేదండీ. అయినా మీరొచ్చి ముందువరుసలో కూర్చున్నారు" అన్నాను. సభ నవ్వింది. మా గైడు మాధవీలత గారు మాత్రం నన్ను వరండాలోకి పిలిచి, "నోరు కాదమ్మా, ఆధారం తీసుకురా" అన్నారు.

తీసుకొచ్చాను. ఒక పాత క్రీడాసంఘం బీరువాలో 1976 నాటి నివేదిక దొరికింది. గుంటూరులో బాలికల కబడ్డీ ఆహ్వాన పోటీలు, చివరి ఆట. గుంటూరు జట్టు మీద చీరాల జట్టు ఆధిక్యంలో ఉంది. ఆపైన ఒకే వాక్యం: "దుస్తుల రంగు కారి చూపరులకు అభ్యంతరకరముగా నున్నందున చీరాల జట్టు వైదొలగినది." కింద రిఫరీ సంజీవరావు అనే ఆయన సంతకం. పైన ఆటగత్తెల పేర్లు. అందులో మొదటి పేరు, నాయకురాలి పేరు, వెంకటరావమ్మ!

చిన్నమ్మమ్మా, బూరెల పిండి ఎంత జారుగా ఉండాలో నాకు నూరుసార్లు చెప్పావు. కబడ్డీ జట్టుకు నాయకత్వం వహించానని ఒక్కసారి చెప్పలేకపోయావా?

ఆ వాక్యం మీద ఒక అధ్యాయం కడుతున్నాను. ఇప్పటికి ఇలా రాశాను: "గంటసేపు చెమటకు ఆగని చవకబారు రంగును ఆడపిల్లల ఒంటికి తొడిగి పంపిన ఆ అద్దకందారు, ఆ సమాజం వారి ఆటకు కట్టిన విలువ ఎంతో తేల్చి చెప్పాడు." బాగుంది కదూ? నాకు ఆ అద్దకందారు పేరు కావాలి. నేరం రాసి నేరస్థుణ్ణి వదిలేయడం నాకు చేతకాదు.

మీ జట్టులోని అనీసా గారు ఇక్కడే, మిర్చి యార్డు అవతల ఉంటున్నారని తెలిసింది. వచ్చే వారం వెళ్ళి కలుస్తాను.

నీ మనవరాలు,
శ్రీరమ్య

*

చీరాల,
జులై.

చిరంజీవి రమ్యకు చిన్నమ్మమ్మ దీవించి రాసేది.

ఇక్కడ క్షేమం. వాన మొహం చూసి చాలా రోజులైంది. ఉక్కపోతకి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే అదొక్కటే చల్లన.

బూరెలు చెప్పి కబడ్డీ చెప్పలేదని నిష్ఠూరమాడావు. బూరెలు నువ్వు అడిగావు. కబడ్డీ అడగలేదు.

ఆడాను. నాది పట్టు. కాలు దొరికిందంటే వదిలేదాన్ని కాదు. అనీసా కూతకెళ్ళేది. అది కబడ్డీ కబడ్డీ అంటూ గీత దాటితే అవతలివాళ్ళు బెదిరిన కోడిపిల్లల్లా చెదిరిపోయేవాళ్ళు. ఎర్రచొక్కా, తెల్లనిక్కరు. నిక్కరుతో వీధిలో నడవలేం కదా, పైన లంగా కట్టుకెళ్ళి గీత దగ్గర విప్పి మూట కట్టేవాళ్ళం. ఆ మూట మీద మా నాన్న కూర్చునేవాడు. ఎక్కడ ఆట ఉన్నా వెంట వచ్చేవాడు. ఆట ఆయనకి ఏమీ తెలియదు. మేం కింద పడితే గెలిచామనుకుని చప్పట్లు కొట్టేవాడు.

చొక్కాల నూలుకి రంగు అద్దింది మా నాన్నే. నీ ముత్తాత శ్రీమన్నారాయణ. రంగు పోయిందని పదిమందిలో ఆయనే చెప్పాడు. పేరు కావాలన్నావు, ఇచ్చాను. రాసుకో.

చవకబారు అన్న మాట మాత్రం తీసెయ్యి. నాన్న ఎరుపు అంటే షావుకార్లు గుడ్డ తడిపి చూడకుండా కొనేవాళ్ళు. ఎవరు కొన్నా ఒకటే మాట చెప్పేవాడు. "నీడన ఆరెయ్యండి. రంగుకు నాది పూచీ." ఒక్కరోజు పోయింది. ఒక్కరోజు ఎవరికైనా పోతుంది.

అనీసాని విసిగించకు. మెత్తని మనిషి. నీ నోరు నాకు తెలుసు.

చిన్నమ్మమ్మ

*

గుంటూరు,
ఆగస్టు.

చిన్నమ్మమ్మకు,

ఆ వాక్యాన్ని కొట్టేశాను. తెలియక నా ముత్తాతనే బోనెక్కించాను. క్షమాపణ చెప్పడం నాకు రాదని అమ్మ అంటూ ఉంటుంది. ఇప్పుడు చెబుతున్నాను, స్వీకరించు.

అయితే అది క్షమాపణ వరకే. వాదన ఇప్పుడే మొదలవుతోంది.

అనీసా గారింటికి వెళ్ళాను. నీ పేరు చెప్పగానే నా రెండు బుగ్గలూ పట్టుకుని, "రావమ్మ మనవరాలివా! అదే ముక్కు, అదే పొగరు" అన్నారు. చాయ్ ఇచ్చారు. ఆమె మనవరాలు హయాత్ ఎనిమిదో తరగతి. స్కూలు జట్టులో తనూ కూతకే వెళుతుందట. వచ్చీరాగానే చెయ్యి మడిచి నాకు కండ చూపించింది. అనీసా గారు రైలు ప్రయాణాలు చెప్పారు, నువ్వు కొరికిన ఒక ఒంగోలు అమ్మాయి గురించి చెప్పారు (దాని సంగతి నీతో తర్వాత తేల్చుకుంటాను). చివరి ఆట గురించి అడిగేసరికి మాత్రం, "రంగు బాలేదమ్మా, అంతే" అని, పొయ్యి మీద పాలు చూడాలంటూ లోపలికి వెళ్ళారు. నేను కూర్చున్నచోటికి పొయ్యి కనిపిస్తూనే ఉంది. అది వెలిగించి లేదు.

వచ్చేటప్పుడు పెట్టె అడుగు నుంచి ఒక చొక్కా తీసి నా ఒళ్ళో పెట్టారు. ఆనాటి ఎర్రచొక్కా. "ఆ రోజు తర్వాత తొడగలేదు, పారెయ్యనూ లేదు. నీ చదువుకి పనికొస్తుందేమో" అన్నారు.

పనికొచ్చింది. ఆ చొక్కా అంచును తడిపి తెల్లరుమాలు అద్దాను. రుమాలు తెల్లగానే ఉంది. చెమట ఉప్పన కనుక ఉప్పునీళ్ళతో తడిపాను. తెల్లగానే ఉంది. "పోవలసిన రంగు ఆ రోజే పోయింది, నిలిచింది మిగిలింది" అని నువ్వు వాదించవచ్చు. నీ తరఫున నేనే వాదించి చూశాను. కానీ ఆ ఎర్రచొక్కాకు తెల్ల కాలరు ఉంది, చిన్నమ్మమ్మా. చూపరులకు అభ్యంతరమయ్యేంతగా కారిన రంగు, ఆనుకుని ఉన్న కాలరును వదిలిపెడుతుందా? కాలరు పాతబడి పసుపెక్కింది. ఎరుపు జాడ లేదు.

రంగు పోలేదు. కాబట్టి నివేదిక అబద్ధం. అబద్ధం వల్ల లాభపడింది ఎవరు? గుంటూరు జట్టు. సంతకం పెట్టింది ఎవరు? సంజీవరావు, గుంటూరు వాస్తవ్యుడు. ఆధిక్యంలో ఉన్న మిమ్మల్ని పంపేయడానికి రంగు కథ అల్లి, బీద నేతగాడి చేత తలూపించారని నా అనుమానం. కాదంటే, ఎందుకు కాదో చెప్పు.

శ్రీరమ్య

*

చీరాల,
సెప్టెంబరు.

రమ్యకు,

చొక్కా అనీసాకి తిరిగి ఇచ్చెయ్యి. సంజీవరావు గారి జోలికి పోకు. ఆయన అటువంటి మనిషి కాదు. ఎందుకు అని అడగకు.

నీకు జలుబు చేసిందని మీ అమ్మ రాసింది. తలకి నూనె పెట్టుకుని ఫ్యాను కింద కూర్చోకు. పక్కింటి అంకమ్మరావు గుంటూరు వస్తున్నాడు, గోంగూర పచ్చడి పంపుతున్నాను. ఎర్రగోంగూర. నూనె తేలకపోతే కలుపుకో.

చిన్నమ్మమ్మ

*

గుంటూరు,
అక్టోబరు.

చిన్నమ్మమ్మకు,

పచ్చడి చేరింది. మా అంతస్తు అంతస్తంతా నీకు రుణపడింది. నీ ఉత్తరం మాత్రం నాకు మింగుడు పడలేదు.

"ఎందుకు అని అడగకు." ఆడపిల్లకు ఈ దేశం చెప్పే మొదటి పాఠం ఇదే. బడిలో చెప్పారు, గుడిలో చెప్పారు. నువ్వు కూడా చెబుతావని అనుకోలేదు. నువ్వు ఒకప్పుడు పట్టినకాలు వదలని మనిషివి. నేను నీ మనవరాలిని. నేనెలా వదులుతాను?

సంజీవరావు గారు ఇప్పుడు లేరు. కొడుకు శివరామకృష్ణ గారిని కలిశాను. తండ్రి ఫోటో చూపించి, "ఆడపిల్లల పోటీ అంటే జ్వరంతో కూడా వెళ్ళేవారమ్మా" అన్నారు. మంచివాడన్న పేరు మంచి ముసుగు కూడా కాగలదు. ఆ మాట పైకి అనలేదు. కాగితం మీద అన్నాను. జనవరిలో మా విశ్వవిద్యాలయంలో సదస్సు ఉంది. రిఫరీ అబద్ధపు నివేదికతో గెలుపును దొంగిలించాడని, చొక్కాను సాక్ష్యంగా పెట్టి చదవబోతున్నాను. శివరామకృష్ణ గారిని కూడా పిలిచాను. వెనుక మాట్లాడటం నాకు అసహ్యం.

నీ మౌనం నీ హక్కు. అనుమానం నా వృత్తి. నువ్వు చెప్పకపోతే ఉన్న ఆధారంతోనే మాట్లాడతాను. ఇది బెదిరింపు కాదని రాయబోయాను. బెదిరింపే.

శ్రీరమ్య

*

చీరాల,
అక్టోబరు, దీపావళి ముందు.

రమ్యా,

సంజీవరావు గారిని దొంగ అంటావా? కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టి? ఇక నేను నోరు విప్పక తప్పదు. ఇది నీకు. నీ పుస్తకానికి కాదు.

ఆ రోజు రంగు పోలేదు.

అనీసా బయట చేరింది. ఆట మధ్యలో. అది కూత మీద ఉంది, దానికి తెలియదు. అవతల ఇద్దర్ని తాకి, గీత మీదికి దూకి, లేచి నిలబడి నవ్వింది. తెల్లనిక్కరు. ముందు ఒకడు ఈల వేశాడు. తర్వాత ఆ పక్కంతా. నేను వెళ్ళి దాని వెనక ఆనుకుని నిలబడ్డాను. "ఏమైందే?" అంది. "కదలకు" అన్నాను. అప్పుడు తెలుసుకుంది. దాని ఒళ్ళంతా ఎలా వణికిందో నా వీపుకి ఇప్పటికీ తెలుసు.

సంజీవరావు గారు విరామం ఊదారు. ఇంకా టైము ఉండగానే ఊదేశారు.

ఆటకి ముందు గీతకి పూజ చేసి కొబ్బరికాయ కొట్టాం. కుంకుమ పొట్లం అక్కడే ఉంది. చెంబునీళ్ళలో కలిపి ముందు నా నిక్కరు మీద పోసుకున్నాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మా జట్టులో పేరమ్మ నా చేతిలో చెంబు లాక్కుని తన మీద పోసుకుంది. తర్వాత మిగతావాళ్ళు. చివరికి అనీసా మీద పోశాం. జట్టు జట్టంతా ఎర్రగా నిలబడ్డాం. ఎవరిది ఏదో ఇక దేవుడికి కూడా తెలియదు.

అక్కడిదాకే తోచింది మాకు. జనం ఇంకా గట్టిగా నవ్వుతున్నారు, ఇదేం తంతురా అని. ఏం చెప్పాలో తెలియదు.

అప్పుడు నాన్న లంగాల మూట మీంచి లేచాడు. చెప్పులు గీత బయట విడిచి కోర్టు మధ్యకి వచ్చాడు. "ఒరేయ్, నవ్వితే నన్ను చూసి నవ్వండిరా! పిల్లల్నెందుకు? ఆ చొక్కాల రంగు నాది. నిలవలేదు, చెమటకి కారిపోయింది. చీరాల శ్రీమన్నారాయణ రంగు పోయింది! పోయి మీ ఊళ్ళల్లో చెప్పుకోండి!" అని అరిచాడు. ఇంట్లో గొంతెత్తని మనిషి.

జనానికి చెప్పుకోవడానికి అంతకన్నా రుచైనది దొరికింది. పేరున్నవాడి పేరు పోవడం. పిల్లల్ని వదిలేశారు.

సంజీవరావు గారు దగ్గరికొచ్చారు. మమ్మల్ని చూశారు, కింద ఖాళీ పొట్లం చూశారు. "రంగేనా నారాయణా?" అన్నారు. "రంగేనండీ" అన్నాడు నాన్న. "అయితే రంగనే రాస్తాను" అన్నారు. వేరే బట్టలు లేవు, నిర్వాహకులు ఒప్పుకోలేదు, వచ్చేశాం. కప్పు పోతే పోయింది.

ఇంతకీ నాన్న ఎందుకలా చేశాడో కూడా చెబుతాను. అనీసా వాళ్ళ నాన్న పీరు సాహెబు మా వీధి చివర దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కూతుర్ని ఆటకి పంపనన్నాడు. నాన్న వెళ్ళి అడిగాడు. "నీ పూచీ మీద పంపుతున్నా నారాయణా" అన్నాడు పీరు సాహెబు. "నాది పూచీ" అన్నాడు నాన్న. రంగుకి చెప్పే మాటే పిల్లకీ చెప్పాడు. ఆ రోజు రెండు పూచీలూ నిలిచే దారి లేదు. ఒకటి వదులుకున్నాడు.

తర్వాత షావుకార్లు వచ్చి, "నీ నోటితో నువ్వే అన్నావంటగా" అని ఆయన ఎదుటే గుడ్డ తడిపి చూసేవాళ్ళు. తడిపినా రంగు పోయేది కాదు. అయినా తడపడం మానలేదు. ఒకరోజు రంగు బానలన్నీ బోర్లించేసి, చూపు ఆనడం లేదన్నాడు. ఇంట్లో అందరూ నమ్మారు. నేను నమ్మినట్టు ఉన్నాను.

నువ్వు దొంగను పట్టుకుంటానన్నావు, దొంగలెవరో తెలిసింది కదా. మేమందరం.

అది అనీసా ఒంటి సంగతి రమ్యా. చెప్పడానికి నాకే హక్కు లేదు. నీకు అసలు లేదు.

చిన్నమ్మమ్మ

*

గుంటూరు,
నవంబరు.

చిన్నమ్మమ్మకు,

నీ ఉత్తరం చదివాక క్లాసుకు వెళ్ళలేదు. ఎవరితోనూ వాదించలేదు. స్నేహితురాలు శిల్ప నుదురు పట్టి చూసి "జ్వరమా?" అంది.

నేను చదివిన పుస్తకాలన్నీ నాకొక సూత్రం నేర్పాయి. ఆడవాళ్ళ గురించి కాగితం అబద్ధం చెప్పిందంటే దాని వెనుక ఒక దుర్మార్గుడు ఉంటాడని. ఒక అబద్ధం వెనుక ఒక రిఫరీ, ఒక నేతగాడు, కుంకుమ నీళ్ళు పోసుకున్న ఒక జట్టు ఉంటారని ఏ పుస్తకమూ చెప్పలేదు. సంజీవరావు గారి మీద రాసిన పుటలు చించేశాను. శివరామకృష్ణ గారింటికి వెళ్ళి, "మీ నాన్నగారి గురించి తప్పుగా అనుకున్నాను, కారణం మాత్రం అడగకండి" అన్నాను. అడగకండి అనే మాట నా నోట వచ్చింది చూశావా! నవ్వుకో.

అయినా నీతో పూర్తిగా ఏకీభవించను. మీరు చేసింది గొప్పది. కానీ దయ కూడా ఒక గోడే, చిన్నమ్మమ్మా. మీరు అనీసా గారిని ఆ గోడ చాటున కాపాడారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి పిల్లా తన గోడ తానే వెతుక్కోవలసి వచ్చింది. నెత్తురు అనే మాటకన్నా ఒక మనిషి జీవితకాలపు పని చవక అని లెక్కకట్టిన లోకాన్ని నేను క్షమించలేను. మీరు దాన్ని ఆ రోజు ఓడించారా, దానికి లొంగారా అన్నది నాకింకా తేలలేదు.

అది నా వాదన. శరీరం ఆమెది. ఈ రెండింటిలో ఏది ముందో తెలియకపోతే నేను చదివిందంతా దండగ.

అధ్యాయం తీసేశాను. మాధవీలత గారు, "సిద్ధాంత గ్రంథానికి నడిమధ్య గుంట పడుతుంది, కారణమైనా చెప్పు" అన్నారు. చెప్పలేదు. "మొండితనానికి పట్టా ఇవ్వరమ్మా" అన్నారు. నిజమే.

చొక్కా తిరిగి ఇవ్వడానికి అనీసా గారింటికి వెళ్ళాను. "అప్పుడే అయిపోయిందా చదువు?" అన్నారు. అయిపోయిందన్నాను. ఆమె నా మొహంలోకి చూశారు. చిన్నమ్మమ్మా, నాకు మాటలు వచ్చు గానీ మొహం దాచడం రాదు. ఆమె చొక్కా తీసుకుని, మడతలు సవరిస్తూ, "రావమ్మ చెప్పిందా?" అన్నారు. తల వంచుకుని, "బానలు బోర్లించిన సంగతి కూడా" అని నోరు జారాను. నువ్వు తిట్టినా పడతాను.

హయాత్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ రోజు జిల్లా జట్టు ఎంపిక. కడుపునొప్పి అని వెళ్ళలేదట. "ఏం నొప్పో నాకు తెలియదా" అని గొణుక్కున్నారు అనీసా గారు. ఇక నన్ను కూర్చోమనలేదు. నేనూ కూర్చోలేదు.

శ్రీరమ్య

*

చీరాల,
డిసెంబరు.

చిరంజీవి రమ్యకు,

తిట్టడానికి పోస్టుకార్డు కొన్నాను. రాయక ముందే అనీసా దిగింది.

పొద్దున ప్యాసింజరుకి వచ్చింది, చెప్పాపెట్టకుండా. పెళ్ళయి గుంటూరు వెళ్ళాక పెళ్ళిళ్ళల్లో, చావుల్లో చూసుకోవడమే గానీ మా ఇద్దరమే కూర్చుని ఎన్నాళ్ళైందో. నాకు వినపడదని దానికి గుర్తులేదు. గుమ్మంలో నిలబడి ఏదో దండకం చదివింది. "కొంచెం గట్టిగా ఏడువే" అన్నాను. అప్పుడు నవ్వింది.

చెవి దగ్గర నోరు పెట్టి అంది: "ఏమే రావమ్మా, బాబాయ్ బానలు బోర్లించింది నా కోసమా? చూపు పోయి కాదా?"

దానికి తెలియదు రమ్యా. రంగు పోయిందన్న మాట ఆ సాయంత్రంతో అయిపోయిందనుకుంది. షావుకార్లు గుడ్డ తడిపింది, ఆయన అద్దకం మానింది దానికి మేమెవరమూ చెప్పలేదు. ఆ తర్వాత కూడా పీరు సాహెబు దాన్ని ఆటకి పంపాడు. పెళ్ళి అయ్యేదాకా ఆడింది. నీ ప్రశ్నకి ఇదే నా జవాబు. గెలిచామో లొంగామో నాకు తెలియదు. అనీసా ఆడింది.

మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని హయాత్ సంగతి చెప్పింది. "అదొచ్చి, నిక్కరు మీద మరక పడితే ఏం చెయ్యను నానీ అంది. ఏం చెప్పను? మాకైతే శ్రీమన్నారాయణ బాబాయ్ ఉన్నాడు, నీకెవడే ఉన్నాడు అని చెప్పనా?" అంది.

దాని అన్నంలో నెయ్యి వేశాను.

వెళ్ళేటప్పుడు నాన్న మగ్గం ఉన్నచోట కాసేపు నిలబడింది. ఆ గుంటలోకి చూస్తూ ఏదో అంది. నాకు వినపడలేదు. నాతో అన్నట్టు లేదు, అందుకని మళ్ళీ అడగలేదు.

నీ సదస్సు ఎప్పుడని అడిగింది. చెప్పాను.

తిట్టు బాకీ ఉంది. ఈసారి వచ్చినప్పుడు.

చిన్నమ్మమ్మ

*

గుంటూరు,
జనవరి, 2025.

ప్రియమైన చిన్నమ్మమ్మకు,

నీకు వినిపించదు కనుక, నీకు కనిపించేలా రాయాలి.

అధ్యాయం లేదు కనుక నేను ఆటస్థలాల గురించి ఒక చప్పని పత్రం పట్టుకెళ్ళాను. ముందువరుసలో చరిత్ర ఎక్కడుందని అడిగిన పెద్దమనిషి, వెనుక శివరామకృష్ణ గారు. నేను వేదిక ఎక్కబోతుండగా తలుపు దగ్గర అలికిడి. నల్ల బురఖాలో అనీసా గారు, పక్కన హయాత్. నేరుగా నా దగ్గరికి వచ్చి, "ఒక బేసినులో నీళ్ళు తెప్పించమ్మా" అన్నారు. క్యాంటీను నుంచి స్టీలు బేసిను వచ్చింది.

ఆమె బల్ల ముందు నిలబడి, సంచిలోంచి ఎర్రచొక్కా తీసి నీళ్ళలో ముంచారు. బట్టలుతికే మనిషి ఉతికినట్టే ఉతికారు. నలిపారు, పిండారు, మళ్ళీ ముంచారు. తర్వాత బేసిను ఎత్తి, ముందువరుస పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు.

"రంగేమన్నా కనపడిందా బాబూ?"

"లేదమ్మా, తేటగా ఉన్నాయి."

"ఆ రోజు కూడా పోలేదు. గుంటూరు గ్రౌండులో పోయింది నా నెత్తురు. నెలనెలా వచ్చేదే, మీ అమ్మకీ వచ్చిందే. అది నలుగురూ చూసి నవ్వుతుంటే, చీరాల శ్రీమన్నారాయణ అని ఒక నేతగాడు, నన్ను కనలేదు, పెంచలేదు, నడిమధ్యకొచ్చి నా రంగు పోయిందన్నాడు. ఆ మాట మీద ఆయన పనే పోయింది. ఆ సంగతి నాకు మొన్న తెలిసింది. ఈ అమ్మాయి పుస్తకంలో ఏం రాస్తుందో నాకు తెలియదు. నేనొచ్చింది ఒక్కటి చెప్పడానికి. ఆయన రంగు పోలేదు."

వెనుక కుర్చీ జరిగిన చప్పుడు. శివరామకృష్ణ గారు లేచి నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. ఒక్కొక్కరే లేచారు. మాధవీలత గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు. హయాత్ మాత్రం వాళ్ళ నానీ చెయ్యి పట్టుకుని అందరినీ ఎగాదిగా చూస్తోంది, ఎవడైనా నవ్వితే పట్టు పట్టేలా ఉంది.

చిన్నమ్మమ్మా, మైకు నా చేతిలోనే ఉంది. జీవితంలో మొదటిసారి దాన్ని కింద పెట్టేశాను.

తర్వాత అనీసా గారు, "ఇప్పుడు రాసుకో. నా పేరు కూడా రాసుకో. ముందు ఆయనది" అన్నారు. రాశాను. అధ్యాయంలో మొదటి వాక్యం: "చీరాల శ్రీమన్నారాయణ అద్దిన రంగు పోలేదు." రెండవ వాక్యం సంజీవరావు గారిది. దయ గోడా, తలుపా అన్న వాదన అధ్యాయం చివర ఉంది. అది నీకూ నాకూ మధ్య ఇంకా తెగలేదనే రాశాను. ఫిబ్రవరిలో మళ్ళీ ఎంపిక పోటీలున్నాయట. హయాత్ వెళుతోంది.

ఆమె తడిచొక్కా నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయారు. హాస్టలు దాకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. దీన్ని ఏం చెయ్యను?

నీ రమ్య

*

చీరాల,
సంక్రాంతి వెళ్ళాక.

రమ్యా,

నీ ఉత్తరం చదివి వీధరుగు మీద కూర్చున్నాను. అంకమ్మరావు వచ్చి, ఏంటి పెద్దమ్మా అలా ఉన్నావు అన్నాడట. నాకు వినపడలేదు. ఉత్తరం వాడి చేతికిచ్చాను. చదివి, లోపలికెళ్ళి నాన్న ఫోటో మీద దుమ్ము తుడిచి వచ్చాడు.

ఈ కార్డు చేరేసరికి చొక్కా ఆరిపోయే ఉంటుంది. అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను.

నీడన ఆరెయ్యి. రంగుకు మా నాన్నది పూచీ.

చిన్నమ్మమ్మ